రెండో పిలుపు

కోర్టులో అందరూ అతన్ని 'మూడు పిలుపులు' అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది, అక్కడే క్షేమంగా ఉంది. వాయిదాకు వచ్చినవాళ్లను రెండో నంబరు కోర్టు గుమ్మంలో నిలబడి పేరుపెట్టి పిలవడం అతని ఉద్యోగం. ముప్ఫై ఏళ్లుగా అదే గుమ్మం. మనిషి గట్టిగా గాలేస్తే పడిపోయేలా ఉంటాడు. గొంతు మాత్రం ఆ ఒంటిది కాదేమో అనిపిస్తుంది. అతను పేరు పిలిస్తే కింద టైపు మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్లు కూడా తలెత్తి చూస్తారు. ఇంట్లో మాత్రం ఉప్పు అందుకోమని కూడా సైగే. "గొంతంతా కోర్టులో ఖర్చుపెట్టేసి ఇంటికి చిల్లర తెస్తారు మా ఆయన" అని భార్య పక్కింటివాళ్లతో అంటుంది.

పేరు పిలవడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లున్నారు. వాళ్లను ఒక పూట ఆ వరండాలో, వాయిదాకు వచ్చిన ముద్దాయి పక్కన కూర్చోబెట్టాలి. బెయిలు మీద బయట ఉన్న మనిషి పేరు పిలవగానే లోపలికి వచ్చి నిలబడాలి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే రాలేదని రాసుకుంటారు. ఆ రాతతో వారంటు పుడుతుంది, పోలీసులు వస్తారు, బెయిలు పోతుంది. నేరం చేశాడా లేదా అన్నది అప్పటికి ఎవరూ తేల్చి ఉండరు. తేల్చేలోపే మనిషి జైల్లో ఉంటాడు. అంటే అతనికీ జైలుకూ మధ్య ఉన్నది మూడు పిలుపులే.

చాలా కోర్టుల్లో ఆ మూడూ ఒకే ఊపిరిలో అయిపోతాయి. కొన్నిచోట్ల ఒక్కటే పిలిచి "మూడుసార్లు పిలిచామండీ" అంటారు. ఎవరు లెక్కపెట్టొచ్చారు? ఇతను మాత్రం అలా కాదు. మొదటిది గుమ్మంలో పిలుస్తాడు. పది అడుగులు వేసి వరండా మధ్య స్తంభం దగ్గర రెండోది. వెనక మెట్లదాకా నడిచి, కింద పంపు దగ్గర నీళ్లు తాగేవాళ్లకు కూడా అందేలా మూడోది. ఒక్కో పేరుకు నాలుగు నిమిషాలు పట్టేది. పేరుతోపాటు తండ్రి పేరు, వీధి కూడా కలిపి పిలుస్తాడు, పిలిచింది తమను కాదేమో, ఇంకెవరినో అని ఎవరూ అనుకోకుండా.

కొత్తగా వచ్చిన మేజిస్ట్రేటు మేడమ్‌కు ఈ నడకలు నచ్చలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. బల్ల మీద రోజుకు ఎనభై ఫైళ్లు, గోడ మీద గడియారం, ఆవిడ ప్రాణం ఈ రెంటి మధ్య నలుగుతూ ఉంటుంది. నెల తిరగకముందే అతనికి ఒక కాగితం వచ్చింది: ఇకమీదట మూడు పిలుపులూ గుమ్మం దగ్గరే పిలవవలెను. రిటైరవడానికి అతనికి ఇంకా మూడు నెలలే ఉన్నాయి.

"మూడు నెలలు నోరు మూసుకుని నెట్టుకురండి" అంది భార్య.

"నోరు మూసుకుంటే నాకు జీతం ఎవరిస్తారే" అన్నాడు. ఆవిడ నవ్వింది. అతను నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఒకటుంది. అది భార్యకు కూడా చెప్పలేదు.

పంతొమ్మిదేళ్ల కిందట అతను ఇలా మూడు చోట్ల నిలబడి పిలిచేవాడు కాదు. అందరిలాగే ఉండేవాడు. ఒక వానరోజు జలుబుతో గొంతు పూడుకుపోయింది, ముందు అరవై కేసులున్నాయి. ఒక తాపీమేస్త్రి పేరు గుమ్మంలోంచి ఒక్కసారి పిలిచాడు. వాన చప్పుడులో తన గొంతు తనకే సరిగా వినిపించలేదు. వెనక్కి తిరిగి "మూడుసార్లు పిలిచానండీ, పలకలేదు" అన్నాడు. అప్పటి మేజిస్ట్రేటు తల కూడా ఎత్తకుండా వారంటు మీద సంతకం పెట్టాడు. కాసేపటికి మేస్త్రి లాయరు వెంట పరుగున వచ్చాడు. అప్పటికి మేజిస్ట్రేటు భోజనానికి లేచాడు, తర్వాత సెలవులు వచ్చిపడ్డాయి, వారంటు మాత్రం సెలవు తీసుకోలేదు. ఆ సాయంత్రమే మేస్త్రిని ఇంటి దగ్గర పట్టుకున్నారు. యాభై మూడు రోజులు లోపలున్నాడు. చివరికి కేసు కొట్టేశారు, మనిషి ఏ తప్పూ చేయలేదని తేలింది. జైలుకు వెళ్లేనాటికి పాకుతున్న కూతురు, తిరిగొచ్చేసరికి నడుస్తోంది. తండ్రిని చూసి ఎవరో అనుకుని ఏడుస్తూ తలుపు వెనక్కి పారిపోయిందట.

తీర్పు కాపీ కోసం వచ్చినప్పుడు మేస్త్రి అతని దగ్గర ఆగాడు. కోపంగా ఏమీ లేడు. "అయ్యా, ఆ రోజు నన్ను ఎన్నిసార్లు పిలిచారు?" అని అడిగాడు.

అతను కాస్త నీళ్లు నమిలి, "మూడు" అన్నాడు.

"అయితే తప్పు నా చెవులదే" అని మేస్త్రి వెళ్లిపోయాడు.

ఆ మరునాటి నుంచే అతను వరండాలో నడవడం మొదలుపెట్టాడు. అది చూసి సాటివాళ్లు చాదస్తమన్నారు, పేరు పెట్టారు. ఆ పేరు వినబడ్డప్పుడల్లా అతనికి ఆ 'మూడు' అన్న మాటే గొంతులో ముల్లులా తగిలేది.

ఇక ఆయా సంగతి. ఒక పెద్దింట్లో మంచం పట్టిన ముసలావిడకు ఆమె సేవ చేసేది. ముసలావిడ మెడలో గొలుసు పోయింది. ఇంట్లో పన్నెండుమంది ఉన్నా అందరి చూపూ ఆయా మీదికే వెళ్లింది. ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. గొలుసు దొరకలేదు, సాక్ష్యమూ దొరకలేదు, కేసు మాత్రం ఏడాదిన్నరగా నడుస్తోంది. లాయరును పెట్టుకునే తాహతు ఆమెకు లేదు. అలాంటివాళ్లకు కోర్టే ఒక లాయరును ఇవ్వాలి కాబట్టి, ఒక లాయరమ్మ ఆమె తరఫున వాదిస్తోంది. కిందటి వాయిదాకు ఆయా జ్వరంతో రాలేకపోయింది. మేడమ్ ఆ రోజే చెప్పేశారు, ఈసారి రాకపోతే వారంటేనని.

అందుకే ఆ ఉదయం ఆయా అందరికంటే ముందు వచ్చింది. వరండా బెంచీ మీద నీలం సంచి పెట్టుకుని కూర్చుంది.

"అన్నయ్యా, మా కేసు ఎన్నోది?"

"పదిహేడు. ఇక్కడే కూర్చో తల్లీ. మెట్లు కూడా దిగకు."

"ఎక్కడికీ వెళ్లను. పిల్లల్ని కూడా బడికి మా చెల్లెల్నే పంపమన్నాను" అంది. మాట బాగానే ఉంది కానీ చేతులు సంచిని వదల్లేదు.

పదకొండు దాటాక పదహారో కేసు అయింది. బెంచి క్లర్కు పదిహేడో ఫైలు తీశాడు. అతను గుమ్మంలోకి వచ్చి ఆయా పేరు, తండ్రి పేరు, వీధి పేరు కలిపి పిలిచాడు. పిలుస్తూనే బెంచీ వైపు చూశాడు. నీలం సంచి ఉంది. మనిషి లేదు.

అతనికి గుమ్మం దగ్గరే పిలవాలన్న కాగితం గుర్తొచ్చింది. కాళ్లు కదిలించకుండా, ఇంకొంచెం సాగదీసి రెండోది పిలిచాడు. వరండాలో జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు.

లోపలికి తల పెట్టి, "మేడమ్, మనిషి వచ్చింది. పొద్దున నేనే చూశాను. సంచి బెంచీ మీదే ఉంది" అన్నాడు.

"సంచికి హాజరు వేయమంటావా?" అన్నారు మేడమ్. లాయర్లలో ఇద్దరు నవ్వారు. "ఈమె తరఫు లాయరేరీ?"

"పై అంతస్తులో ఇంకో కోర్టులో వాదిస్తున్నారు మేడమ్" అన్నాడు క్లర్కు. మాట్లాడుతూనే వారంటు ఫారం తీసి ఫైలు మీద పెట్టుకున్నాడు. కలం మూత తీశాడు కూడా.

"కిందటిసారీ ఇంతే" అన్నారు మేడమ్. "మూడోది పిలువు."

"పిలుస్తాను మేడమ్" అని అతను బయటికి వచ్చాడు. పిలవలేదు.

మూడో పిలుపు పడందే వారంటు పుట్టదు. ఆ సంగతి లోపలున్న చదువుకున్న తలకాయలకు తట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతే అతనికున్న సమయం. స్తంభం దాటి వెనక మెట్ల దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. కింద పంపు దగ్గర ఎవరూ లేరు. ఆడవాళ్ల మరుగుదొడ్డి ముందు వరండా ఊడ్చే అక్క కనబడింది.

"నీలం సంచి ఆవిడ లోపల ఉందా?"

"లోపల ఎవరూ లేరు. ఆవిణ్ని ఇందాక పోలీసు హెడ్డు గారు తీసుకెళ్లారుగా, వాళ్ల గదికి" అంది ఊడ్చే అక్క చీపురు ఆపకుండానే.

వరండా చివర, పాత ఫైళ్ల గది అవతల పోలీసులకు ఇచ్చిన చిన్న గది ఒకటుంది. తలుపు వేసి ఉంది. లోపల పాత ఫ్యాను గడగడమని తిరుగుతోంది. ఆ రొదలో గుమ్మం దగ్గర పిలిచిన పిలుపు కాదు, గుమ్మమే ఊడిపడినా వినబడదు. అతను తలుపు తోశాడు.

ఆయా స్టూలు మీద అంచున కూర్చుని ఉంది. ముందు బల్ల మీద ఒక కాగితం, పక్కన మూత తీసిన సిరా డబ్బీ. ఆమె ఎడమచేతి బొటనవేలు అప్పటికే నల్లగా ఉంది. కోర్టు డ్యూటీ చూసే హెడ్ కానిస్టేబులు ఆమె ఎదురుగా కుర్చీలో వాలి ఉన్నాడు.

"రా అన్నా, కూర్చో" అన్నాడు హెడ్డు.

"అమ్మా, నీ కేసు పిలుస్తున్నాం. ఇక్కడేం చేస్తున్నావు?"

"మధ్యాహ్నం కదా అన్నయ్యా? ఈ సారు అలాగే చెప్పారు. మా లాయరమ్మ ఇవాళ రాదన్నారు. సంతకం పెడదామంటే చెయ్యి వణుకుతోంది, వేలిముద్ర చాలన్నారు."

"ఏం కాగితం అది?"

"తప్పు ఒప్పుకుంటున్నట్టు" అన్నాడు హెడ్డు తనే. "ఏడాదిన్నరగా తిరుగుతోంది పాపం. ఒప్పుకుంటే ఇవాళ్టితో వదిలిపోతుంది. నేను మేలే చేస్తున్నాను."

"ఒప్పుకుంటుందో లేదో మేడమ్ అడుగుతారు, లాయరు పక్కన ఉండగా. మధ్యలో నీకెందుకు తమ్ముడూ?"

హెడ్డు తాపీగా లేచి అతని భుజం మీద చెయ్యి వేసి తలుపు దాకా నడిపించాడు. ఫ్యాను రొద కింద, అతనికి మాత్రమే వినబడేలా అన్నాడు. "అన్నా, వెళ్లి మూడోది కూడా అయిందని చెప్పు. వారంటు భయం చూపిస్తే ఈవిడే ముద్ర వేస్తుంది. పలకలేదని చెప్పు. నీకు అలవాటే కదా."

అతను గడప దగ్గరే ఆగాడు.

"మేస్త్రి వాయిదా రోజు నేను వరండాలోనే ఉన్నాను. ఒక్కటే పిలిచావు. వెళ్లి పట్టుకున్నది కూడా నేనే. పంతొమ్మిదేళ్లుగా ఆ మాట కడుపులో దాచుకున్నాను. ఇంకో మూడు నెలలు దాచుకోమంటావా, వద్దా?"

భయం వేయలేదంటే అబద్ధం. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం, చివరి రోజున దండ వేసి పంపిస్తారని ఎదురుచూస్తున్న భార్య, అన్నీ ఆ ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగాయి. అతని కాలు ఒక అడుగు గడప బయటికి పడింది. ఆ సంగతి దాచి, మనవాడు పులిలా నిలబడ్డాడని చెప్పడం నాకు ఇష్టం లేదు.

వెనక నుంచి ఆయా అడిగింది. "అన్నయ్యా, నన్ను ఎన్నిసార్లు పిలిచారు?"

పంతొమ్మిదేళ్లకు ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి అడిగినది ఆడగొంతు, అంతే తేడా. అడిగిన తీరులో అదే మర్యాద, తప్పు తనదేమోనన్న అదే బెంగ.

"రెండు" అన్నాడు అతను. "ఇంకొకటి ఉంది."

గడప మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడి, పొట్టలోంచి ఊపిరి తీసి పిలిచాడు. ఆయా పేరు, తండ్రి పేరు, వీధి పేరు. ఆ చిన్న గదిలో కిటికీ అద్దాలు అదిరాయి. వరండాలో జనం లేచి నిలబడ్డారు. పై అంతస్తులో ఎవరో తొంగి చూశారు. హెడ్డు చెవులు మూసుకున్నాడు.

"పలుకమ్మా" అన్నాడు అతను, తన ఇంట్లో మాట్లాడే గొంతుతో.

"ఉన్నాను" అంది ఆయా.

"అలా కాదు. మేడమ్‌కు వినబడాలి."

ఆమె లేచింది. "ఉన్నానండీ, ఇక్కడే ఉన్నాను" అని అరిచింది. అరుస్తుంటే కళ్లవెంట నీళ్లు వచ్చేశాయి. బల్ల మీద కాగితాన్ని హెడ్డు మడిచేలోపే అతను తీసుకుని ఆమె చేతికిచ్చి, ముందు నడవమన్నాడు.

కోర్టు హాల్లో క్లర్కు కలం పట్టుకుని అలాగే ఉన్నాడు. పిలుపు పైదాకా వినబడి లాయరమ్మ కూడా ఫైళ్లు గుండెకు అదుముకుని మెట్లు దిగి వచ్చేసింది. ఆయా వెళ్లి నిలబడాల్సిన చోట నిలబడింది.

"మూడో పిలుపు ఎక్కణ్నుంచి పిలిచావు?" అన్నారు మేడమ్ అతనితో.

"పోలీసు గదిలోంచి మేడమ్."

"గుమ్మం దగ్గరే పిలవమని రాసిచ్చాను."

"ఇచ్చారు మేడమ్. మనిషి గుమ్మం దగ్గర లేదు."

లాయరమ్మ ఆయా చేతిలో కాగితం తీసుకుని చదివింది. చదువుతుంటే ఆమె మొహం ఎర్రబడింది. ఆయా బొటనవేలు పట్టుకుని పైకెత్తి, సిరా కనబడేలా చూపించింది. "లాయరు పక్కన లేకుండా నా మనిషిని గదిలో కూర్చోబెట్టి నేరం ఒప్పుకోమని వేలిముద్ర అడుగుతున్నారు మేడమ్. నోరు విప్పకుండా ఉండే హక్కు ఆమెకుంది. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఇదిగో కాగితం."

మేడమ్ కాగితం చూసి హెడ్డు వైపు తిరిగారు. హెడ్డు అప్పటికే గొంతు సవరించుకున్నాడు.

"ఆమె తనే వచ్చి అడిగింది మేడమ్. ఈ బంట్రోతు మాట నమ్మకండి. ఒకసారి పిలిచి మూడని చెప్పే మనిషి. పంతొమ్మిదేళ్ల కిందట ఒక తాపీమేస్త్రి ఇతని మూలంగానే జైలుకు వెళ్లాడు. అడగండి."

మేడమ్ అతని వైపు చూశారు. "నిజమేనా?"

కాదనడం ఎంత తేలికో అతనికి తెలుసు. హెడ్డు తప్ప సాక్షుల్లేరు, ఆ ఫైలును చెదలు తినేసి ఉంటాయి, అప్పటి మేజిస్ట్రేటు పోయి పదేళ్లయింది. 'మూడు' అంటే చాలు. ఒకసారి అని ఉన్నాడు కూడా.

"ఇవాళ మూడు పిలిచాను మేడమ్" అన్నాడు. "ఆ రోజు ఒక్కటే."

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కాసేపు గడియారం వైపు కూడా చూడలేదు. తర్వాత ఒక్కొక్కటే చెప్పారు. ఆ కాగితాన్ని ఫైలులో కలపాలి. హెడ్డు తన సంజాయిషీ రాతలో ఇవ్వాలి. ఆయా హాజరైనట్టు రాసుకోవాలి, బెయిలు అలాగే ఉంటుంది. క్లర్కు వారంటు ఫారం మళ్లీ కట్టలో పెట్టేశాడు. ఆయా కొంగుతో బొటనవేలు తుడుచుకుంటూనే ఉంది, ఆ నలుపు ఎంతకీ పోలేదు.

"నువ్వు కూడా ఆ రోజు సంగతి రాసివ్వాలి" అన్నారు మేడమ్ అతనితో. "దాన్ని నేను నా దగ్గర ఉంచుకోవడం కుదరదు, పైకి పంపాలి. తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"సరే. పద్దెనిమిదోది పిలువు."

అతను గుమ్మంలో నిలబడి ఒకటి పిలిచాడు. తర్వాత స్తంభం దగ్గరికి నడిచాడు. మేడమ్ ఏమీ అనలేదు.

ఆ కాగితం ఏ బల్ల మీదికి చేరి ఏం తిరిగి తెస్తుందో ఇంకా తెలియదు. ఇంటికి వెళ్లి అంతా చెబితే భార్య ఉప్పు డబ్బా కూడా సైగతోనే అందించింది. చివరికి, "ఆ మేస్త్రికి చెప్పారా?" అంది.

ఆదివారం వెళ్లాడు. చిరునామా ఎవరినీ అడగక్కర్లేదు. పేరు, తండ్రి పేరు, వీధి పేరు అన్నీ నోటికి వచ్చు. మేస్త్రి ఇంటి ముందు తన ప్రహరీగోడకే పూత పూసుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. లోపలినుంచి ఒక అమ్మాయి కుర్చీ తెచ్చి వేసి, "కూర్చోండి బాబాయ్" అని వెళ్లింది. తలుపు వెనక్కి పారిపోయిన పిల్ల ఈమేనని అతనికి అర్థమై, కుర్చీలో కూర్చోలేకపోయాడు.

నిలబడే చెప్పాడు. "మేస్త్రీ, ఆ రోజు మూడు పిలిచానన్నాను. అబద్ధం. ఒక్కటే పిలిచాను."

మేస్త్రి తాపీ ఆపాడు. గోడ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు చివరికి. "మీరు మూడన్నారని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. ఏ జబ్బూ లేదన్నాడు. నమ్మలేదు."

"అసలు వినబడలేదా నీకు?"

"ఎందుకు వినబడలేదు? ఒకటి వినబడింది. వెంటనే లేచాను. వానలో ఏ గదిలోంచి పిలిచారో తెలియలేదు. రెండోది పిలుస్తారు కదా, అప్పుడు అటు వెళ్దామని నిలబడ్డాను." మేస్త్రి తాపీని బొక్కెన అంచుకు గీసి సున్నం దులిపాడు. "లాయరు వచ్చి అయిపోయిందని చెప్పేదాకా నిలబడే ఉన్నాను."